మగ్గం గుంత మీది స్పీకరు

కైలాసం చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. వరంగల్ చౌరస్తాలో జంపఖానాల దుకాణం నడిపేవాడు. తాగుడు లేదు, పేకాట లేదు. పొద్దున్నే దుకాణం ముందు తానే ఊడ్చుకునేవాడు. అతనికున్న పిచ్చి ఒక్కటే, పాట. నిజానికి పాట కూడా కాదు, పాట కింద మోగే దరువు. ఎనభై అయిదో సంవత్సరం ఎండాకాలం నాటికి అతని ఇంట్లో టేప్ డెక్కు, యాంప్లిఫయరు, రెండు స్పీకర్లు ఉన్నాయి. అయినా తృప్తి లేదు. కొత్తవాడలో వాళ్ల ఎదురింటివాళ్లు సెట్టు పెడితే కైలాసం ఇంట్లో గిన్నెలు అదిరేవి. కైలాసం పెడితే ఎదురింటి గిన్నె ఒక్కటి కూడా కదిలేది కాదు. అదీ అతని బాధ.

మనిషి తన సరదాను తన సరదా అని ఒప్పుకుంటే సగం తప్పు అక్కడే ఆగిపోతుంది. కైలాసం ఒప్పుకోలేదు. తల్లి పేరు చెప్పాడు.

తల్లి రాములవ్వకు ఎనిమిదేళ్ల కింద విషజ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. పెదవుల కదలిక చూసి మాట పట్టుకునేది. ఒకరోజు ఎదురింట్లో పాట మోగుతుంటే ఆమె గోడకు వీపు ఆనించి కూర్చుని, "ఎవలో దరువేస్తాండ్లు గదనే" అన్నది. బియ్యం చెరుగుతున్న కోడలు అరుణ చాట అక్కడే వదిలేసి భర్తను పిలిచింది.

కైలాసానికి దారి దొరికింది.

"అవ్వకు ఇనపడేది గదొక్కటే. దరువు మోగిచ్చే మంచి ఊఫర్ స్పీకర్ పెడితే ముసల్దాని పానం జర సంబురపడ్తది" అన్నాడు.

"అత్తమ్మ కోసమా, నీ కోసమా?" అన్నది అరుణ.

"ఎవలి కోసమైతే నీకేం నొప్పి?"

మర్నాడు తల్లిని రిక్షాలో కూర్చోబెట్టుకుని హనుమకొండలో రాంచందర్ షాపుకు తీసుకుపోయాడు. రాంచందర్ రేడియోలు బాగుచేస్తాడు, స్పీకర్లు బిగించి అమ్ముతాడు. చెవిటి మనిషి స్పీకరు ఎంచడానికి వచ్చిందని తెలిసి పక్క దుకాణంవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు.

రాంచందర్ మొదట ఎనిమిది ఇంచుల డబ్బా మోగించాడు. రాములవ్వ దాని మీద అరచేయి పెట్టింది. వెంటనే తీసేసింది.

"గిది దోమ లెక్క గీ పెడ్తాంది."

పది ఇంచులది మోగించాడు. దాని మీద కొంచెంసేపు చేయి ఉంచింది.

"దగ్గుతాంది పాపం. దవాఖానకు తోల్కపో."

చూస్తున్నవాళ్లంతా నవ్వారు. "అవ్వకున్న పట్టు నాకుంటే గీ సందుల ఎందుకుంటుంటి" అంటూ రాంచందర్ లోపలికి పోయి, రెండు చేతులతో ఒకటి మోసుకొచ్చి నేల మీద పెట్టాడు. పదిహేను ఇంచుల స్పీకరు. డబ్బా లేదు. ఏదో టాకీసువాళ్లు కొత్తవి పెట్టుకుంటూ తీసేసింది. మోగినప్పుడు అదిరే దాని నల్లటి కాగితం చిన్న చాటంత ఉంది. తీగలు తగిలించాడు. రాములవ్వ చెప్పు విడిచి, దాని పక్కన నేల మీద పాదం ఆనించి కళ్లు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు.

"గిది" అన్నది చివరికి. "గిది కాళ్లల్లకెల్లి పైకొస్తాంది."

"అన్నా, ఎంచుడు మంచిగనే ఎంచింది గని" అన్నాడు రాంచందర్, "దీనికి డబ్బా కొట్టియ్యాల్నంటే బీరువంత కావాలె. లోపల గాలి ఎంతుంటే దరువు అంత లోతుకు పోతది. చిన్న డబ్బాల పెడితే గొంతు పిసికినట్టే."

కైలాసం ఆలోచించాడు.

"గుంతయితే?"

"ఏం గుంత?"

"మగ్గం గుంత. నడుం లోతుంటది. మీద పలక బిగించి, పలకకు బొక్క జేసి దీన్ని బోర్లిస్తే?"

రాంచందర్ తొడ చరిచాడు. "ఓర్నీ! భూమే డబ్బా! దాన్ని మించిన డబ్బా ఎవడు జేస్తడు?"

కైలాసం ఇంటి వెనక గది మగ్గపుటిల్లు. తండ్రి పెద్దులు ముప్పై ఏళ్లు ఆ గుంతలో కాళ్లు పెట్టుకుని నేశాడు. పక్కన కూర్చుని రాములవ్వ నూలు కండెలు చుట్టి అందించేది. చెవులు పోయిన తర్వాత కూడా భర్త మగ్గం తొక్కుడు ఆమెకు నేలలో నుంచి తెలిసేది. పెద్దులు పోయి ఆరేళ్లయింది. మగ్గాన్ని హసన్‌పర్తిలో చుట్టాలకు ఇచ్చేశారు. గుంత మాత్రం తెరిచే మిగిలింది.

మగ్గం తీసిన ఇంట్లో గుంతను ఆ రోజే పసుపు కుంకుమ చల్లి మట్టితో పూడ్చాలి. పూడ్చడం కుదరకపోతే తెరిచి ఉంచాలి. లోపల బోలుగా ఉంచి పైన మూయకూడదు. వాళ్ల ఇంట్లో ఇది తాతల నుంచి వస్తున్న కట్టు. ఎందుకు అని అడిగితే ఎవరూ చెప్పేవారు కాదు, కానీ అందరూ పాటించేవారు. కైలాసానికి ఇది తెలియక కాదు. చిన్నప్పుడు పెదనాన్న గుంత పూడ్చినప్పుడు మట్టి తట్టలు అందించింది అతనే. తెలిసి చేసిన తప్పుకు తెలియదనే సాకు కూడా ఉండదు.

టేకు పలక తెచ్చాడు. స్పీకరుకు సరిపడా గుండ్రంగా కోయించాడు. పన్నెండు మరలు బిగించి, సందుల్లో లప్పం పెట్టాడు. సాయంత్రం పాట పెట్టాడు. నేల మొత్తం ఒక్కసారి ఊపిరి పీల్చి వదిలినట్టయింది. ఎదురింటి ఆయన బనీను మీదే బయటికి వచ్చి వీధి అటూ ఇటూ చూశాడు. కైలాసం కిటికీలో నుంచి అది చూసి తృప్తిపడ్డాడు.

రాములవ్వ పీట వేసుకుని, రెండు పాదాలు పలక మీద పెట్టి కూర్చుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కన్నీళ్లు చూసి కైలాసం తాను నిజంగానే తల్లి కోసం చేశానని నమ్మాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చాడు. కరెంటు లేదు. వీధిలో ఎండ మండుతుంటే మగ్గపుటింట్లో మాత్రం పొద్దుగూకినట్టుంది. ఆ గదికి ఉన్నది ఒక్కటే చిన్న కిటికీ. తల్లి పలక మీద కాళ్లు పెట్టుకుని, నెమ్మదిగా తల ఊపుతూ కూర్చుని ఉంది.

అతను ఎదురుగా పోయి పెదవులు కదిపాడు. "అవ్వా, కరెంటు లేదు. పాట లేదు."

"పాట గాదురా" అన్నది రాములవ్వ నవ్వుతూ. "మీ నాయిన నేస్తాండు."

కైలాసం వంగి పలక మీద చేయి పెట్టాడు. ఏదో ఉంది. చాలా లోతులో. ఒకటి... ఆగి, ఇంకొకటి. రోడ్డు మీద లారీ అనుకున్నాడు. లారీ పోయేంతసేపు చూశాడు. అదురు ఆగలేదు. బోర్లించిన స్పీకరు వెనక ఇనుప చట్రం సందుల్లో నుంచి నల్లటి కాగితం కనిపిస్తోంది. అది మెల్లగా పైకి ఉబ్బింది. కింద నుంచి ఎవరో అరికాలు ఆనించినట్టు. మళ్లీ దిగింది.

తీగలు రెండూ పీకేశాడు.

కాగితం మళ్లీ ఉబ్బింది.

అరుణ గుమ్మంలో నుంచి చూసింది. చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇప్పుడే పలక తీసి గుంత పూడిపియ్యి" అన్నది.

"నాయినే అయితే భయమెందుకు?" అన్నాడు కైలాసం. "అవ్వ మొకం జూడు. ఎన్నేండ్లకు నవ్వింది."

ఎదురింటి ఆయన ఇంకా తనను ఆ స్పీకరు సంగతి అడగలేదని కూడా అతని మనసులో ఉంది. ఆ మాట అరుణకు చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ కరెంటు పోయింది. కైలాసం గుమ్మంలో అడుగు పెట్టగానే వాసన తగిలింది. పులిసిన గంజి వాసన. నూలుకు గంజి పట్టించి ఆ ఇంట్లో ఆరేళ్లయింది.

తల్లి పీట మీదే ఉంది. తల ఊపడం లేదు. రెండు చేతులతో మోకాళ్లను కిందికి అదిమి పట్టుకుని ఉంది. జుట్టు చెమటకు నుదుటికి అంటుకుపోయింది.

"అవ్వా, లే. అన్నం తిందువు."

"మెల్లగ" అన్నది రాములవ్వ. చెవులు పోయిన నాటి నుంచి ఆమె గొంతు తగ్గించి మాట్లాడటం అదే మొదటిసారి.

"ఏమైంది?"

"మీ నాయిన కాదురా."

కైలాసం చేతిలోని తువ్వాల జారిపోయింది.

"మీ నాయిన కుడికాలు జర ఈడ్చి తొక్కేటోడు. ముప్పై ఏండ్లు పక్కన కూసున్న. నాకెర్క లేదా? అట్లనే తొక్కి నన్ను మురిపిచ్చిండ్లు. పొద్దుగాల్ల నుంచి ఈడ్సుడు బందయింది."

"ఎవరవ్వా?"

"ఒక్కలు గాదు... శానమంది."

"నేస్తాండ్లా?"

"నేస్తలేరు. ఎక్కుతాండ్లు."

"నడుం లోతు గుంతనే గదనే... మెట్లు యాడియి?"

రాములవ్వ కొడుకు పెదవుల మీద నుంచి చూపు తిప్పి పలక వైపు చూసింది.

"నిన్న లేకుండె" అన్నది.

పలక కింద చప్పుడు లేదు. చెవికి వినిపించేది ఏమీ లేదు. కానీ అదురు కైలాసం అరికాళ్లలో నుంచి పిక్కల్లోకి పాకుతోంది. దగ్గర దగ్గరగా. తడబడకుండా.

"నేను కాళ్లు తియ్య" అన్నది తల్లి. "తీస్తే పలక లేస్తది. మట్టి తెప్పియ్యి. మట్టి నా పాదాల మీద పడ్డంక నేనే లేస్త. అప్పటిదాక నన్ను ముట్టకు. ఇంటాన్నవా? తొందరపడకు, కొడుకా."

వీధి చివర ఎవరో ఇల్లు కట్టుకుంటున్నారు. అక్కడ మట్టి బండి ఉంది. అరుణ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.

కైలాసం తల్లి ఎదురుగా కూలబడ్డాడు. ఒక మర మెల్లగా తిరుగుతోంది. చుట్టూ పెట్టిన లప్పం పొడిపొడిగా రాలుతోంది. మర తల పైకి లేచింది... వాలింది. టప్పుమని చిన్న శబ్దం. రెండోది కదిలింది. రాములవ్వ కాళ్లు వణుకుతున్నాయి. అరవై ఎనిమిదేళ్ల కాళ్లు. పెదవులు నీలమవుతున్నాయి. గుండె ఆగిపోతుందేమో. ఇక్కడే, తన కళ్ల ముందు. తను తెచ్చిన పలక మీద.

వీధిలో బండి చక్రాల చప్పుడు వినిపించింది. వచ్చేసింది. ఇంకెంత, తాను పలక మీద నిలబడితే చాలదా? తల్లి కన్నా తాను బరువే కదా?

అతనికి ఎప్పుడూ అంతే. చెప్పిన మాట చివరిదాకా వినే ఓపిక లేదు.

లేచి తల్లి చంకల కింద చేతులు వేసి ఎత్తాడు.

"వద్దురా!"

ఆమె పాదాలు లేచి అతని పాదాలు పడేంతసేపు. అంతే. పలక ఒక వేలెడు లేచింది. సందులో నుంచి చల్లటి గాలి వచ్చి అతని చీలమండలను రాసుకుంటూ పోయింది. గంజి వాసన ముక్కు నిండా కొట్టింది. రెండు కాళ్లతో దూకి తొక్కాడు.

పలక మూసుకుంది. కింద ఏమీ లేదు. అదురు లేదు. అలికిడి లేదు. చచ్చిన నేల.

బండివాడు వచ్చాక వెలుతురు కోసం పైకప్పు మీద నాలుగు పెంకులు తీసి, పలక ఎత్తి చూశారు. నడుం లోతు గుంత. అడుగున గట్టి నేల. మెట్లు లేవు. స్పీకరు కాగితానికి చిన్న చిరుగు కూడా లేదు. పసుపు కుంకుమ చల్లారు. మట్టి పోశారు. నీళ్లు చల్లి దిమ్మిస కొట్టారు. ఆ పనంతా కైలాసం తన చేతులతోనే చేశాడు, అరచేతులు బొబ్బలెక్కేదాకా. మర్నాడు స్పీకరే కాదు, డెక్కు, యాంప్లిఫయరు అన్నీ రాంచందర్ షాపులో దించి వచ్చాడు. రాంచందర్ కారణం అడిగితే చెప్పలేదు.

తల్లి బతికింది. అది చాలనుకున్నాడు. తన తప్పుకు తక్కువ శిక్షే పడిందని దేవుడికి దండం పెట్టుకున్నాడు.

రాములవ్వ అన్నం తింటోంది, పడుకుంటోంది. మాట మాత్రం మానేసింది. నడిచేటప్పుడు ఒక్కో అడుగూ వేసి, ఆగి, కిందికి చూసుకుంటోంది. ముసలితనం అనుకున్నారు.

ఆదివారం మధ్యాహ్నం దుకాణం లేదు. అరుణ కుళాయి దగ్గరికి పోయింది. కైలాసం ముందు గదిలో చల్లటి షాబాద్ బండల మీద పక్కకు తిరిగి, ఒక చెవి నేలకు ఆనించి పడుకున్నాడు. కునుకు పట్టబోతుండగా తల్లి వంటింట్లో నుంచి లేచి వస్తున్న అడుగులు బండలో వినిపించాయి. ఒట్టి కాళ్లు. నెమ్మదిగా. ఒకటి... రెండు... మూడు...

లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ తప్పింది. తల్లి రెండు అడుగులు వేసేలోపు బండలో నాలుగు. కాదు, ఇంకా ఎక్కువ.

చెవి నేల మీద నుంచి తీయకుండా కళ్లు మాత్రం తిప్పాడు. తల్లి ఒక్కతే వస్తోంది, చేతిలో మంచినీళ్ల చెంబుతో. కొడుకు కళ్లలోకి చూసింది. ఇన్నేళ్లూ అతను ఆమెతో మాట్లాడినట్టే, గొంతు లేకుండా పెదవులు కదిపింది.

"కదలకు."

రాములవ్వ గడప దగ్గర ఆగిపోయింది.

అడుగులు ఆగలేదు.