కాల్ గ్రాఫ్‌లో కత్తిరించిన బాణం

"సాయంత్రం అయిదింటికి నన్ను పనిలోంచి తీసేస్తారండీ. తప్పు నాది కాదు," అంది ఆ అమ్మాయి.

ప్రైవేటు డిటెక్టివు భూతద్దం గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఆ పేరు జనం పెట్టిందే గానీ, ఆయన దగ్గర భూతద్దం ఏనాడూ లేదు. వచ్చినామె ప్రోగ్రామర్. రోగుల ఇళ్లకు వెళ్లే నర్సుల కోసం ఆమె కంపెనీ లినక్స్ ఫోన్లు తయారుచేస్తుంది. పదిహేను రోజులుగా వాటిలో రోగి పేరు టైపు చేస్తే చాలు, ఫోను బిగుసుకుపోతోంది.

"నింద ఎవరు వేశారమ్మా?"

"చీఫ్ ఇంజనీరు. మా సొంత బాబాయి." ఆమె తల దించుకుంది. "ప్రొఫైలర్‌తో కొలిచి, ఇదిగో, ఈ బొమ్మ ఓనరుకిచ్చాడు."

ప్రోగ్రాంలో ఏ ముక్క ఎంత సమయం తింటోందో, ఏది దేన్ని పిలుస్తోందో బాణాలతో చూపే బొమ్మ అది, కాల్ గ్రాఫ్ అంటారు. ఆమె రాసిన 'పేర్ల వరుస' అనే ముక్క ఎర్ర గడిలో, ఎనభై శాతం సమయంతో, కాగితం పై అంచున ఉంది. దాని కిందినుంచి మూడు బాణాలు బయలుదేరాయి.

"ఇంకేముంది సార్, దొరికిపోయినట్టేగా!" అన్నాడు ఆయన అసిస్టెంటు. ఆమె మొహం చూశాక నాలుక కరుచుకున్నాడు.

భూతద్దం గారు ఒక నర్సు ఫోను తెప్పించి, అందులోనే ప్రొఫైలర్ నడిపించారు. నాలుగున్నరకు ఓనరు గదిలో అందర్నీ కూర్చోబెట్టారు.

"చీఫ్ గారూ, ఈ గడిలోకి వచ్చే బాణం ఏదండీ?"

"ఏ బాణం?"

"ఎవరూ పిలవకపోతే ఏ ముక్కా దానంతటది నడవదు కదా. పిలిచినవాళ్లు పైన ఉండాలి. ఆ పైభాగాన్ని మీరు కత్తిరించారు." ఆయన కొత్త బొమ్మ బల్ల మీద పరిచారు. "పేర్లు వరుసలో పెట్టడం పొద్దున్న ఒక్కసారి చేస్తే సరిపోతుంది. తెర మీద పేర్లు చూపించడానికి మీరు రాసిన ముక్క, టైపు చేసే ఒక్కో అక్షరానికీ దాన్ని నాలుగొందల సార్లు పిలుస్తోంది. మీ ముక్కను మీరు మార్చి సరిగ్గా పదిహేను రోజులు."

చీఫ్ మొహం మాడిపోయింది. "నా పెద్ద కంప్యూటర్లోనే పరీక్షించాను. క్షణంలో అయిపోయింది. ఫోన్లో చూడలేదు. ఇరవయ్యేళ్ల అనుభవం పెట్టుకుని ఇలాంటి పొరపాటంటే... తలెత్తుకోలేననిపించింది. అందుకే కత్తిరించాను."

"అమ్మాయ్, నీకు ఈ బొమ్మలు చదవడం రాదా?" అని మెల్లగా అడిగారు భూతద్దం గారు.

"వచ్చండీ. బాబాయే నేర్పాడు. బాణం లేదని మొదటిరోజే చూశాను. ఆయన అలా చేశాడని నా నోటితో చెప్పడానికి నాకే సిగ్గేసింది."

చీఫ్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"నలుగురిలో అప్పుడే నా పరువు తీసేసినా బాగుండేది తల్లీ. తెలిసి కూడా నా కోసం ఊరుకున్నావే, అదే భరించలేకపోతున్నాను."