అనెస్టిస్ గుంతలోని నాణెం

తవ్వకాల మేస్త్రీ అనెస్టిస్‌ను కాఫీ దుకాణంలో పట్టపగలే కాల్చేశారు. సైలెన్సర్ వల్ల పక్క బల్లవాళ్లకు కూడా చప్పుడు వినిపించలేదు.

"పాత రాజధాని పెల్లా పక్క తవ్వకాల్లో సీసపు పలక దొరికింది," అన్నాడు కల్నల్ వార్దాస్, థెస్సలోనికి నగరంలోని గూఢచారి శాఖ ఆఫీసు తలుపు గడియ వేస్తూ. "మేం గ్రీకులం కామని పాత మాసిడోనియా రాజే రాయించినట్టుంది. పన్నెండింటికి దాన్ని లోకానికి చూపిస్తారు. బయట లక్షమంది. ఇక మాసిడోనియా పేరు మాదేనంటున్న పక్క దేశంతో సరిహద్దు తగలబడుతుంది. రెండు వైపులా తుపాకులమ్ముకునే ముఠా దానికోసమే కాచుక్కూర్చుంది. పలక దొంగదని అనెస్టిస్ ఫోన్ చేశాడు. ఎలా తెలుసంటే, ముందు ఒక మనిషితో మాట్లాడి చెబుతానన్నాడు."

"టైమెంతుంది?" అన్నాడు ఏజెంట్ స్ట్రాటిస్.

"మూడు గంటలు. ఆ రాజుకు నువ్వు మనవడివో కాదో తర్వాత తేల్చుకుందువుగాని, కదులు."

పదిన్నరకు గడ్డం ఫాదరొకాయన పలక దొరికిన గుంతలోకి దిగి, పోయినవాడి ఆత్మకు ప్రార్థన మొదలుపెట్టాడు. కూలీలు టోపీలు తీసి, చెయ్యి ముద్దాడి దూరం జరిగారు. ఫాదర్ చేతికర్ర కొసన మెటల్ డిటెక్టర్ ఉంది. పలక దొరికిన చోటుకు జానెడు కింద అది కీచుమంది. ఫాదర్ వేషంలో ఉన్న స్ట్రాటిస్ వేళ్లతో మట్టి తోడాడు. రెండు ద్రాక్మాల నాణెం. 1978.

గుంత పూడ్చేముందు అడుగున ఆ ఏటి నాణెం వేయడం తవ్వకాలవాళ్ల ఆనవాయితీ. ఇక్కడిదాకా తవ్వేశామని గుర్తు. అంటే పైనున్న మట్టంతా పదిహేనేళ్ల కిందట పూడ్చిందే. రెండు వేల ఏళ్ల పలక అందులోకి ఎలా వస్తుంది?

"అది ఇలా ఇవ్వండి, ఫాదర్."

ఎర్ర స్కార్ఫు, నల్లకళ్లద్దాలు, చేతిలో పిస్టల్. పలక అసలైనదని సంతకం చేసిన పురావస్తు నిపుణురాలు డాక్టర్ మిర్టో. తమ ఏజెంటేనని కల్నల్ నమ్మిన మనిషి. అనెస్టిస్ ఆమెకు బాప్తిస్మమప్పుడు పూచీగా నిలిచిన జ్ఞానతండ్రి.

"ఆయన మాట్లాడాలనుకున్నది నీతోనా?"

"నాతోనే. ఆయన కనిపెట్టాడని ముఠాకు చెప్పాను, నిజమే. బెదిరిస్తామన్నారు. చంపుతారనుకోలేదు!"

స్ట్రాటిస్ అరచెయ్యి చాచాడు. నాణెం చూసి ఆమె మొహం పాలిపోయింది.

"ఇది నేనే వేశాను," అంది. "స్టూడెంటుగా నా మొదటి గుంత. 'నీ చేత్తో వెయ్యవే పిల్లా' అన్నాడు ఆయన. ఇదే ఆ గుంతని నేను మర్చేపోయాను."

పిస్టల్ దించేసి ఏడ్చింది.

పన్నెండు. వేదిక మీద మంత్రి చెయ్యి పలక మీది ముసుగు అంచు పట్టుకుంది.

"తీయకండి!" మిర్టో మైకు లాక్కుని, నాణెం బల్ల మీద పెట్టింది. "పలక దొంగది. పెట్టింది నేనే."

ఆమె చేతులకు సంకెళ్లు పడ్డాయి. ముఠా మనుషులను విమానాశ్రయంలో పట్టుకున్నారు. పాత రాజులు గ్రీకులా, కాదా అని సాయంత్రం టీవీలో ప్రొఫెసర్లు యథావిధిగా గొంతులు చించుకున్నారు.

మర్నాడు అనెస్టిస్ సమాధి పూడ్చేముందు స్ట్రాటిస్ అందులో ఆ ఏటి నాణెం, 1993ది, వేశాడు. ముందు ముందు ఈయన ఏ జాతివాడో తేల్చాలని ఎవరైనా తవ్వుకొస్తే, పాపం, వాళ్ల టైమన్నా కలిసొస్తుంది.