ధైర్యం బటన్

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే సాయంత్రం ప్యాసింజర్లో గొడుగు తిప్పడం నేరమేమీ కాదు. కానీ ఆ గొడుగు మొన ఎదుటి సీట్లో అమ్మాయి టీ కప్పుకి తగిలి, టీ అంతా ఆమె చున్నీ పాలైతే మాత్రం కొంచెం నేరమే.

"ఏంటండీ ఇది?" అంది ఆ అమ్మాయి.

సామ్యేలు బిక్కచచ్చిపోయాడు. తానో వీడియో గేమ్ కంపెనీకి తెనాలిలో ఇంటి నుంచే పనిచేస్తానని, తమ గేమ్‌లో హీరో కత్తితో గిర్రున తిరుగుతూ పదిమందిని నరికే దెబ్బ ఎలా ఉంటుందో చూసుకుంటున్నానని, ఇంట్లో అమ్మ పెళ్ళి మాట తప్ప మరొకటి ఎత్తదు కాబట్టి పని చేసుకోవడానికి రైలెక్కుతానని, అడగనివన్నీ కూడా చెప్పేశాడు.

ఆమె పేరు కృపారాణి. తెనాలిలో ఫిజియోథెరపిస్టు. రేపల్లెలో ఇంటికి రోజూ ఇదే బండి. చున్నీ పిండుకుంటూనే, అలా తిరిగితే మీ హీరోకి రెండో చుట్టుకే నడుం పట్టేస్తుందని, తిరగడం పాదాల దగ్గర మొదలవ్వాలని తేల్చేసింది.

మర్నాడూ సామ్యేలు అదే పెట్టె ఎక్కాడు. ఆ మర్నాడూ ఎక్కాడు. ఎందుకయ్యా అంటే గేమ్ కోసమే అనేవాడు గానీ, అడిగేవాళ్ళు లేక బతికిపోయాడు.

మీ హీరో చేతిలోంచి నిప్పు వస్తే చెయ్యెందుకు కాలదని కృప అడిగింది. ముందే తడిమట్టి పూసుకుంటాడని, అది ఎండేలోపే నిప్పు విసిరెయ్యాలని ఇద్దరూ కలిసి కుదుర్చుకున్నారు. గాయాలు మాన్పే మంత్రగత్తె సంగతి వేమూరు స్టేషన్ దాటినా తెగలేదు. కండ ఊరికే పూడదు, ఒంట్లో బలం ఖర్చవుతుంది, కాబట్టి గాయం మానినవాడు లేవగానే రెండు కంచాలు తినాల్సిందేనని ఆమె పట్టు. యుద్ధం మధ్యలో భోజనాలేంటని అతని గోల. చివరికి అన్నం, గోంగూర పచ్చడి మోసే ఓ గాడిద కూడా గేమ్‌లోకి వచ్చింది. కృప నవ్వుతుంటే, కిటికీలోంచి వానజల్లు ఆమె చెంప మీద పడుతుంటే, తన లాప్‌టాప్ తడిసిపోతోందన్న సంగతే సామ్యేలు చూసుకోలేదు.

ధైర్యం దగ్గర మాత్రం ఇద్దరికీ కుదరలేదు. అతని గేమ్‌లో బటన్ నొక్కగానే వీరుడికి భయం పోతుంది.

"నొక్కితే పోయేది భయమెలా అవుతుందండీ?" అంది కృప. "అంతకన్నా పెద్ద భయం ఇంకోటి రావాలి. అప్పుడు చిన్నది దానంతటదే తప్పుకుంటుంది."

సామ్యేలుకున్న భయం ఒక్కటే, మనసులో మాట ఆమెకి చెప్పడం.

ఓ శుక్రవారం ఆమె దిగబోతూ, ఆదివారం మా ఇంటి పెళ్ళి ప్రకటన చదువుతారు, వచ్చే వారమంతా సెలవు అని చెప్పి జనంలో కలిసిపోయింది. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ఆ జంట పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరముందా అని అడగడం వాళ్ళ సంఘాల్లో రివాజు. సామ్యేలూ అలాంటి చర్చిలో పెరిగినవాడే. ఆ రెండు రోజులూ అతనికి ముద్ద దిగలేదు.

ఆదివారం రేపల్లె వెళ్ళి, కృప వాళ్ళ చర్చిలో వెనక బల్ల మీద కూర్చున్నాడు. ఆడవాళ్ళ వైపు కృప కొత్త చీరలో వెలిగిపోతోంది. పాస్టరయ్యగారు కాగితం విప్పి, "వివాహ ప్రకటన" అన్నారు.

"నాకు అభ్యంతరం ఉందండి అయ్యగారూ."

ఎప్పుడు లేచి నిలబడ్డాడో సామ్యేలుకే తెలియదు. చర్చంతా వెనక్కి తిరిగింది. అయ్యగారు కళ్ళజోడు సవరించుకున్నారు.

"ఇంకా పేర్లు చదవలేదు బాబూ."

ముందు బల్ల మీంచి కృప నాన్న రాజారత్నం మాస్టారు లేచారు. ఈ ప్రకటన తన కొడుకు కిషోర్‌దని, పెళ్ళికూతురు బాపట్ల అమ్మాయని, ఇంతకీ నీకు దేనిమీద అభ్యంతరమని అడిగారు. పక్కనే కిషోర్ మొహం పాలిపోయింది.

సామ్యేలుకి తల కొట్టేసినట్టయింది. పారిపోవచ్చు, తలుపు పక్కనే ఉంది. కానీ ఇవాళ కాకపోతే ఇంకో ఆదివారం ఇక్కడే, ఇంకెవరి పేరు పక్కనో ఆమె పేరు చదువుతారు. ఆ తలపు ముందు ఈ సిగ్గు ఏపాటిది?

"కృపారాణి గారి పెళ్ళి మీదండి."

"దానికింకా సంబంధమే చూడలేదయ్యా. ఎవరితో పెళ్ళంటే నీ అభ్యంతరం?"

"నాతో తప్ప ఎవరితో జరిగినా అభ్యంతరమేనండి."

ఆడవాళ్ళు పైటచెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కిషోర్‌కి ప్రాణం లేచొచ్చింది. మాస్టారు మాత్రం నవ్వలేదు. కుర్రాణ్ణి తేరిపార చూసి, కూతురి వైపు తిరిగి, నువ్వేమంటావమ్మా అని అడిగారు.

కృప లేచి నిలబడింది. మొహమంతా ఎర్రబడింది, నవ్వాపుకోలేక కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"నాకేం అభ్యంతరం లేదు నాన్నా."