గొంగూజ్లర్

నేను కాలువ మీద లస్కర్ని. షట్టర్లు ఎత్తడం, దించడం, కొలతరాయి మీద నీళ్ళెంతున్నాయో చూడ్డం. మాటలతో పని లేని ఉద్యోగం.

చివరి చేల రైతు హనుమయ్యగారి అమ్మాయి శ్రీదుర్గ బెజవాడలో ఇంగ్లీషు టీచరు. ఒకరోజు వంతెన మీద స్కూటీ ఆపింది.

"ఏవండీ కిరీటి గారూ, పొద్దున చూసినా ఇక్కడే, సాయంత్రం చూసినా ఇక్కడే. పనేం లేదా?"

"ఇదే పనండి."

"కాలువ చూడ్డమా? మీలాంటివాళ్ళకి ఇంగ్లీషులో ఓ మాటుంది. గొంగూజ్లర్."

తిట్టేమో అనుకున్నాను. "అంటే?"

"ఏ పనీ లేకుండా కాలువనీ పడవల్నీ చూస్తూ నిలబడేవాడు."

రెండ్రోజులు ఆలోచించాను. మూడోరోజు స్కూటీకి అడ్డం నిలబడ్డాను.

"ఆ మాట నాకు చెల్లదండి. నేను చూస్తే జీతమిస్తారు."

ఆమె నవ్విన నవ్వుకి గట్టు మీది కొంగలు లేచిపోయాయి.

ఆదివారం బడి లేదు. స్కూటీ మాత్రం వచ్చింది.

"ఇవాళేం పనండీ?" అడిగాను.

"ఏం లేదు. ఊరికే, కాలువ చూద్దామని."

"అయితే గొంగూజ్లర్ మీరేనండి."

"ఒప్పుకున్నా" అంది, కాలువవైపు కాకుండా నావైపు చూస్తూ. నేనూ కాలువవైపు చూళ్ళేదు. మబ్బు నాలుగు చినుకులు రాల్చి, ఊరించి పోయింది.

పదకొండింటికి చివరి చేలకి నీళ్ళ వంతు. షట్టరెత్తాలి. ఒంటిగంటకి గట్టు మీద పార భుజాన వేసుకుని హనుమయ్యగారు కనిపించేదాకా నాకది గుర్తే లేదు.

"ఏమయ్యా! పంటబోదెలో కప్ప తడవలేదు. ఎటు చూస్తున్నావయ్యా నువ్వు?" అంటూ వచ్చి, కూతుర్ని చూసి ఆగిపోయారు.

ఉద్యోగమూ పోయింది, పిల్లా పోయింది అనుకుంటూ షట్టరు మర తిప్పడం మొదలెట్టాను.

"తప్పు నాది నాన్నా. నేనే మాటల్లో పెట్టా."

"వీడితోనా? ఏం మాటలే?"

ఆమె గొంగూజ్లర్ సంగతంతా చెప్పింది.

"పని లేక చూసేవాడికే అంత పేరుంటే, నీళ్ళొస్తాయా రావా అని ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నా, నన్నేమంటారే?"

టీచరమ్మ నావైపు చూసింది.

"ఇంగ్లీషులో తెలీదండి. తెలుగులో మామగారంటారు" అన్నాను. ఆయనతో అడక్కుండా నేను మాట్లాడ్డం అదే మొదలు.

ఆయన పార దించారు. నాకొకటి వేస్తారేమో అనుకున్నాను. దాని కర్ర మీద గడ్డం ఆనించి బోదెలోకి చూశారు.

"ముందు నా చివరి మడికి నీళ్ళెక్కనీ. ఆ తర్వాత మీ పెద్దాళ్ళని తీసుకురా."

నీళ్ళు గలగలమంటూ దిగువకి పరుగెత్తాయి. ముగ్గురం గట్టు మీద నిలబడి చూస్తూ ఉండిపోయాం. ఎవరికీ వేరే పనేం లేదు.