ప్రస్థానం పెట్టిన సంచీ

బీరువా రెండో అరలో, అట్టడుగున ఉండాల్సిన ఉప్పాడ చీర కనిపించలేదు!

వెంకటదుర్గ బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచింది. అరలోని చీరలన్నీ మంచం మీద కుమ్మరించింది. ఒక్కొక్క మడతా విప్పి దులిపింది. లేదు... ఎక్కడా లేదు! పోయింది చీర ఒక్కటే అయితే ఆమె అంత కంగారు పడేది కాదు. ఆ చీర మడతలో, నాలుగు రోజులుగా ఇంటిల్లిపాదికీ తెలియకుండా దాచుకున్న కాగితం ఉంది.

"అత్తయ్యగారూ! నా ఉప్పాడ చీర గానీ తీశారా అండీ?"

వసారాలో కూర్చున్న మాణిక్యాంబ పంచాంగంలోంచి తలెత్తలేదు. "నేనే తీశానమ్మా. ఇవాళ ఏకాదశి కదా, మంచిది. మీరు బయల్దేరే శనివారం ఏమంత బాగోలేదు. నువ్వు బజారు నుంచి వచ్చేలోగా మీ ముగ్గురివీ తలో జత సర్దేసి, జ్ఞానమ్మ ఇంట్లో ప్రస్థానం పెట్టేసొచ్చాను."

జ్ఞానమ్మ ఇంట్లోనా! మాణిక్యాంబ శాస్త్రంలో ప్రస్థానానికి చాలా నియమాలున్నాయి. మంచిరోజున సంచీ గడప దాటిస్తే ప్రయాణం మొదలైనట్టే, తర్వాత తీరిగ్గా బయల్దేరవచ్చు. కానీ దాటిన సంచీ మళ్ళీ ఇంట్లోకి రాకూడదు. దాన్ని వెళ్ళే దిక్కున ఉన్న ఇంట్లోనే పెట్టాలి. విశాఖపట్నం ఈశాన్యాన ఉంది, వాళ్ళ వీధికి ఈశాన్యాన ఉన్నది జ్ఞానమ్మ ఇల్లు. ఆ జ్ఞానమ్మ సర్కారు ఆసుపత్రిలో ముప్ఫయ్యేళ్ళు నర్సుగా చేసిన మనిషి. ఇంగ్లీషు కాగితం కంటపడితే ఆవిడకు ఒక్క చూపు చాలు!

ఆ కాగితం భీమవరంలో లేడీ డాక్టరు రాసిచ్చినది. జాకెట్టు కుట్టించుకొస్తానని చెప్పి దుర్గ ఒంటరిగా వెళ్ళింది. రొమ్ములో గడ్డను డాక్టరమ్మ రెండుసార్లు నొక్కి చూసింది. "ఇది నాకు మంచిగా అనిపించడం లేదమ్మా. విశాఖ పెద్దాసుపత్రికి వెంటనే వెళ్ళండి. వారం కూడా ఆగొద్దు," అంది.

వారం కూడా ఆగొద్దా! ప్రయాణం చూస్తే ఉగాది వెళ్ళిన శనివారం... అదీ ఆసుపత్రికి కాదు, ఊరు చూడటానికి. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో భర్త సత్యప్రసాద్ ఆమెను అన్నవరం దాటి తీసుకెళ్ళలేదు. తీసుకెళ్ళకూడదని కాదు, ఐసు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు ఉద్యోగం అలాంటిది. చెరువుల్లో రొయ్యలు పడుతున్నన్నాళ్ళూ సెలవన్న మాటే ఉండదు. కూతురు హారతి ఇంటర్ పరీక్షలు అయిపోయాయని మొదటిసారి నాలుగు రోజులు సంపాదించాడు. ఆ పిల్ల నోట్సు పుస్తకంలో రంగు పెన్నులతో ప్లాను రాసుకుంది. ఒకరోజు బీచి, సబ్‌మెరైను. ఒకరోజు అరకు, రైల్లో సొరంగాలు లెక్కపెట్టుకుంటూ. ఒకరోజు సింహాచలం, అట్నుంచి భీమిలి. చివరిరోజు కైలాసగిరి. రోజుకు పదిసార్లు చదివి వినిపించేది! ఆ సంబరం చూసి దుర్గ నోరు కుట్టేసుకుంది. ఈ నాలుగు రోజులూ పిల్లను నవ్వనీ... తిరిగొచ్చాక చెబుదాం, అనుకుంది. తనకంటూ దాచుకోవడానికి ఆ ఇంట్లో చీర మడత తప్ప చోటేముంది పాపం!

ఆమె కొంగు బిగించుకుని జ్ఞానమ్మ ఇంటికి పరుగెత్తింది.

"సంచీ ఒక్కసారి ఇవ్వండి జ్ఞానమ్మగారూ, చిన్న వస్తువు తీసుకోవాలి."

జ్ఞానమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. "మీ అత్తగారు ముడేసి వెళ్ళారు దుర్గమ్మగారూ. బయల్దేరేదాకా ఎవరడిగినా విప్పొద్దన్నారు. నన్ను ఇబ్బంది పెట్టకండి," అంటూ కళ్ళు దించేసుకుంది. ఎప్పుడూ కాఫీ తాగి వెళ్ళమనే మనిషి, ఆరోజు కూర్చోమని కూడా అనలేదు.

అప్పటినుంచి ఇంట్లో ఏదో మారిపోయింది. బావిలో చేద వేయబోతే మాణిక్యాంబ తాడు లాక్కుంది. కోడలు పాలు తాగేదాకా గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడింది. పంతొమ్మిదేళ్ళుగా కూరలో ఉప్పు గురించి తప్ప మాట్లాడని అత్తగారు! సత్యప్రసాద్ అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోతున్నాడు. ఎస్‌టీడీ బూత్ నుంచి వచ్చిన ప్రతిసారీ అతని కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి. "ఏంటండీ?" అంటే "ఐసు ప్లాంటులో అమోనియా వాసన," అంటున్నాడు. దుర్గకు నోటివరకూ వచ్చిన మాట మళ్ళీ లోపలికే పోయేది. అడిగితే చెప్పాల్సి వస్తుందేమోనని ఆమె భయం... చెబితే ఒప్పుకోవాల్సి వస్తుందేమోనని వాళ్ళ భయం!

నాలుగోరోజు మధ్యాహ్నం మాణిక్యాంబ పంచాంగం మూసి, "ఒరేయ్ ప్రసాదూ! శనివారం దాకా ఎందుకూ, రేపు పొద్దున్నే బయల్దేరండి," అంది.

హారతి పకపకా నవ్వింది. "మామ్మా! రేపు కొత్త అమావాస్య! మర్చిపోయావా?"

"అయితే ఏంటే?"

ఆ మాట విని దుర్గ చేతిలో పళ్ళెం జారిపోయింది. ఎన్ని ప్రస్థానాలు పెట్టినా అమావాస్యకు మాత్రం మినహాయింపు లేదనే మనిషి! అమావాస్య అని కన్నకొడుకును బ్యాంకు ఇంటర్వ్యూకే పంపని మనిషి! ఆ మొండితనం వల్లే అతను ఐసు ఫ్యాక్టరీలో మిగిలిపోయాడు. అయినా ఆవిడ ఏనాడూ తప్పైందని ఒప్పుకోలేదు. అలాంటిది, రేపే వెళ్ళమంటోంది...

"అత్తయ్యగారూ... మీకు తెలిసిపోయిందా?"

మాణిక్యాంబ కింద పడ్డ పళ్ళెం తీసి పక్కన పెట్టింది. "సంచీకి ముడేస్తుంటే కాగితం జారిపడింది. జ్ఞానమ్మ చదివి ఏడ్చింది. ప్రసాదు ఫోన్లు చేసి, ఆవిడ ఎరిగినవాళ్ళ చేత పెద్దాసుపత్రిలో ఎల్లుండికి రాయించాడు, ఉగాదైనా చూస్తామన్నారట. ఎల్లుండి పొద్దున్నే అక్కడుండాలంటే రేపు కదలక తప్పదు. ఎందుకు దాచావే దుర్గా! ఇంతమందిమి ఉండి నీకు పరాయివాళ్ళమైపోయామా?"

"పిల్ల సరదా పడిందని..."

"నీకంటే సరదా ఎక్కువా!" ముసలావిడ పంచాంగాన్ని పక్కకు నెట్టేసింది. "దోషమేదైనా ఉంటే నాకే తగలమని దణ్ణం పెట్టుకున్నాను. నువ్వు వెళ్ళు. చాలు."

సత్యప్రసాద్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. హారతి అందరి ముఖాలూ చూసి, నోట్సు పుస్తకం తెరిచింది. మొదటిరోజు బీచి అన్నది కొట్టేసి, నాన్న దస్తూరీలో 'పెద్దాసుపత్రి' అని రాసి ఉంది. అది చదివి ఆ పిల్ల అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు ఎనిమిదింటికల్లా ఆటో వచ్చింది. జ్ఞానమ్మ సంచీ తెచ్చి, ఇంట్లోకి తేకుండా వీధిలోనే ఆటోలో పెట్టింది. "మీ నియమం మీది, నా ప్రార్థన నాది," అంటూ ఆటోలో కూర్చున్న దుర్గ తల నిమిరింది.

మాణిక్యాంబ మాత్రం కనబడలేదు. దుర్గకు తెలుసు ఆవిడ ఎక్కడుంటుందో. మామగారు పోయిన పదిహేనేళ్ళ నుంచీ, ఎవరు ప్రయాణమైనా ఆవిడ వంటింటి తలుపు చాటుకు వెళ్ళిపోతుంది. విధవ ఎదురు రాకూడదని! పొమ్మని ఎవరూ అనలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు... దుర్గతో సహా.

దుర్గ ఆటో దిగి లోపలికి నడిచింది.

"అయ్యో! గడప దాటినదానివి వెనక్కొచ్చావేంటే!" తలుపు చాటున మాణిక్యాంబ గుండెలు బాదుకుంది.

"నాకోసం అమావాస్యనే కాదన్నారు. మీరు ఎదురొస్తేగానీ నేను ఆటో ఎక్కను అత్తయ్యా!" అంటూ దుర్గ ఆమె చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి వదలబుద్ధి కాలేదు ఆమెకు. రేపు డాక్టర్లు ఏమంటారో! ఈ గడప మళ్ళీ ఎప్పుడు తొక్కుతుందో... అసలు తొక్కుతుందో లేదో!

అమావాస్యనాడు, వీధంతా చూస్తుండగా, మాణిక్యాంబ నీళ్ళ చెంబు పట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ ఆటోకు ఎదురొచ్చింది. చెంబు కింద పెట్టి, ఆటో పక్కన నిలబడ్డ కోడలి ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"తిరుగు ప్రయాణానికి పంచాంగం చూడనే," అంది. "ఏ రోజైనా మంచిదే. వచ్చేయమ్మా!"