మూడు కన్నాల గ్యాస్కెట్

"ఇంజను చంపింది నేను కాదు బావా... నువ్వు. నీ ఎనక కూసొని తలలూపిన ఈ పెద్దమనుషులు."

పుష్పలత మాటకు పందిరి కింద కూర్చున్న పాలివాళ్లంతా ఒక్కసారిగా ఆమె వైపు తిరిగారు. ఆ ఇంటి పెద్దకొడుకు, సారపాక రోడ్డు మీద మెకానిక్ షెడ్డు నడిపే గోపాలు చేతిలో బీడీ అలాగే ఆరిపోయింది. అతనికి ఎదురు చెప్పిన ఆడమనిషి ఆ ఇంట్లో ఇంతవరకూ లేదు మరి!

వాకిట్లో ట్రాక్టరు, ఇంజను మీది మూత లాంటి హెడ్ ఊడి, పొట్ట చీల్చిన గొడ్డులా నిలబడి ఉంది. మూడు నెలలుగా దాని మీద జామాయిల్ కర్ర తోలి ఆ ఇంటికి అన్నం పెట్టింది పుష్పలత. భర్త చిరంజీవి తాటిచెట్టు మీది నుంచి పడి నడుము విరగ్గొట్టుకుంటే, పొద్దున అతని ఒళ్లు కడిగి, మధ్యాహ్నం స్టీరింగ్ పట్టి, సాయంత్రం మళ్లీ అతన్ని ఎత్తి పడుకోబెట్టింది. నిన్న దారిలో ఇంజను పెళ్లుమని ఆగిపోగానే ఆ మూడు నెలలూ ఎవరికీ గుర్తు రాలేదు... తాళం అత్త రొంటికి చేరింది. కోడలు ఇక బండి ముట్టకూడదని తీర్పు!

"నీళ్లు చూసుకోకుండ తోలినవ్, ఇంజను కాగిపోయింది," అన్నాడు గోపాలు. "స్టీరింగ్ అంటే గరిటె అనుకున్నవా?"

"గరిటె తిప్పేదానికి మాడిందేదో తెలుస్తది బావా. ఇటు రా. అత్తా, నువ్వు గూడ రా."

గోనెపట్టా మీది హెడ్ గ్యాస్కెట్, బ్లాకుకూ హెడ్‌కూ మధ్య వేసే పలచటి రేకు, తీసి ఎండకు పట్టింది. "కాగితే ఇది మాడాలె. ఏడ మాడిందో చూపియ్."

రేకు ఎక్కడా మాడలేదు. పిస్టన్ నెత్తి మీది మసిని ఆమె కొంగుతో తుడిచింది. నెలవంకలాంటి గాటు. మూడు పిస్టన్ల మీదా అదే చోట, అదే గాటు.

"వాల్వు గుద్దిన దెబ్బలు అత్తా ఇవి. ఎండకాలంల బావ ఈ బ్లాకును లేత్ షాపుల చదును చేయించిండు. పైన ఇనుము కోస్తే పిస్టన్ అంత మీదికి వస్తది గదా. అప్పుడు మందం గ్యాస్కెట్ ఎయ్యాలె. బావ ఏం చేసిండు? పాతది చేతిల పట్టుకొని ఖమ్మం పోయి, అసొంటిదే ఇయ్యమన్నడు. ఇగో, అంచున ఈ చెవి మీద ఒక్క కన్నం, అంటే అన్నిటికన్న పలచది. రెండు కన్నాలది ఉంటది, మూడు కన్నాలది ఉంటది. కన్నం పెరిగినకొద్ది మందం. పలచది ఎస్తే పిస్టన్ పోయి వాల్వులను గుద్దుకుంట ఉన్నది, నిన్నటికి అవి ఇరిగినయ్."

"పాతది చూపించి కొత్తది తెచ్చుడు మా ఉస్తాదు కాలం నుంచి ఉన్నదే. నీకెవరు నేర్పిన్రు ఈ కథ?"

"లేత్ షాపు దూలయ్య తాత. పొద్దున్నే బస్సెక్కి పోయి అడిగిన. పిస్టన్ కొలుచుకోమని నీకు ఆ రోజే చెప్పిండంట."

"తాగినోని మాట."

పందిరి అంచున మంచం కిర్రుమంది. చిరంజీవి మోచేతుల మీద లేవబోయి, లేవలేక పక్కకు ఒరిగాడు. కన్నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. "దూలయ్య చెప్పినప్పుడు నేను ఆడనే ఉన్ననే అన్నా... అప్పటికి నేనింక చెట్టు మీదికెల్లి పడలే."

పుష్పలత చెయ్యి పిస్టన్ మీదే ఆగిపోయింది. లోపల టకటకమంటున్నదని మొదటి రోజే చెప్పింది తను. ఆడదానికి ఇంజను సప్పుడేం తెలుస్తదని నవ్విన వాళ్లలో ఈయనా ఉన్నాడు! నిన్నటి నుంచి ఇంటిల్లిపాదీ తనను తిడుతుంటే గోడ వైపు తిరిగి పడుకున్నదీ ఈయనే! ఏడవకూడదనుకుంది. ఏడిస్తే వీళ్లకు సులువు... ఏడ్చినదాన్ని ఓదార్చి, తప్పును అక్కడే పాతిపెట్టేస్తారు.

"అన్న పరువు కోసం నన్ను తిట్టించినవ్," అంది మెల్లగా. "నీ నడుము చెట్టు మీదికెల్లి పడ్డప్పుడు ఇరగలేదయ్యా. అంతకు ముందే ఇరిగింది."

అత్త భీమక్క లేచింది. డెబ్బై ఏళ్ల మనిషి... వంగి, గాటులో వేలు పెట్టి తడిమింది. మూడింటినీ తడిమింది. పెద్దకొడుకు ముఖంలోకి చూసింది. అతను నేల చూశాడు. అది చాలు ఆమెకు. రొంటిన తాళం తీసి కోడలి అరచేతిలో పెట్టి, మసి వేళ్లను తన వేళ్లతో మూసింది.

"మా అత్త నన్ను చూసినట్టే నిన్ను చూసిన బిడ్డా... నేను గూడ పాతదే చేతిల పట్టుకొని కూసున్న."

పుష్పలత కళ్లు ఒక్క క్షణం చెమ్మగిల్లాయి. తుడుచుకోలేదు. గోపాలు వైపు తిరిగింది.

"తాళం వచ్చిందని నేను ఊకోను బావా. షెడ్డుకు పోయి కొలిచే గేజీ తీస్కరా. మూడు పిస్టన్లు నా కండ్ల ముందు కొలువు. ఆ కొలత పట్టుకొని ఖమ్మం నేనే పోత. ఇరిగిన వాల్వులు నువ్వే ఎయ్యాలె. కానీ అన్నిటికన్న ముందు, నిన్న నన్ను తిట్టంగ ఇన్న ఈ మంది అంత ఇనేటట్టు, 'తప్పు నాదే' అని నీ నోటితోని చెప్పు. అది చెప్పినంకనే పానా ముట్టు."