పొద్దుటి పూట మాటలు

ఆ ఇంట్లో రోజూ కాఫీతోపాటే గొడవ కూడా మొదలవుతుంది. ఆ రోజూ అంతే.

"మధ్యాహ్నం దాకా ఇంట్లో కూర్చునేది కూడా ఒక ఉద్యోగమేనా? నలుగురడిగితే ఏం చెప్పుకోను?" అన్నాడు పెద్దాయన, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ.

"లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతోందని చెప్పు నాన్నా. దొంగతనమేం కాదుగా," అంది కూతురు, పొయ్యి మీద నీళ్ళు పెడుతూ. లోపలి గదిలో అమ్మ ఇంకా లేవలేదు.

పెద్దాయన మిల్లు గేటు దగ్గర హాజరు వేసి వేసి రిటైరైన మనిషి. ఆయన లెక్కలో లోకంలో ఉన్నవి రెండే జాతులు. పర్మనెంటు వాళ్ళూ, దారిన పోయేవాళ్ళూ. అలాంటి ఆయన కూతురు, తల్లికి పక్షవాతం వచ్చాక, బంగారంలాంటి ఆఫీసు ఉద్యోగం వదిలేసి పూటపనికి చేరింది. ఆయన కడుపు మండదూ మరి!

రోజూ పార్కుకి వెళ్ళే మనిషి, ఆ రోజు తిన్నగా లాండ్రీకి వెళ్ళాడు. ఓనరు పాత పరిచయస్తుడే.

"హోటళ్ళ నుంచి, ఆసుపత్రుల నుంచి మా వ్యాన్లు వచ్చేదే మధ్యాహ్నం అన్నయ్యా," అన్నాడు ఓనరు. "పొద్దున అందర్నీ కూర్చోబెట్టి జీతమిస్తే షెడ్డు మూసుకోవాల్సిందే. పూటకొచ్చేవాళ్ళుండబట్టి నాకు గడుస్తోంది, ఇంట్లో పనులున్న ఆడవాళ్ళకీ కుదురుతోంది. మీ అమ్మాయి కూడా ఆ పూటే కావాలని అడిగి మరీ చేరింది."

"చిన్నతనం, దానికేం తెలుసు? నువ్వు పర్మనెంటు చెయ్యి. నేను మాటిస్తున్నాగా!"

ఓనరు తల గోక్కున్నాడు. స్టోరు చూసుకునే మనిషి మానేశాడు, ఆ ఖాళీ ఉంది. తెల్లవారగానే వచ్చి, ఉతికిన దుప్పట్లు లెక్కచూసి పంపాలి. పెద్దాయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. కూతురి మధ్యాహ్నం పని అప్పటికప్పుడే ఇంకొకావిడకి ఇచ్చేశారు.

ఆయన ఇల్లు చేరేసరికి కూతురు పనికి బయల్దేరుతోంది. తల్లి మందు మత్తులో పడుకుని ఉంది.

"అమ్మడూ, నీకు పర్మనెంటు చేయించానే! రేపట్నుంచి పొద్దున్నే వెళ్ళాలి."

కూతురు సంచి కింద పెట్టేసింది. "ఎవర్నడిగి చేశావు?"

"కన్నతండ్రిని, ఒకర్నడగాలా?"

"పొద్దున నేను వెళ్ళిపోతే అమ్మ ఎవరితో మాట్లాడుతుంది నాన్నా?"

"మాట్లాడ్డమేమిటే, పిచ్చిదానా! మీ అమ్మకి మాట పడిపోయి ఎన్నాళ్ళయింది?"

"పడిపోలేదు," అంది కూతురు. "నిద్ర లేచాక కాసేపు వస్తుంది. ముద్దముద్దగా. మందు వేశాక మళ్ళీ మత్తే. ఆ కాసేపూ నువ్వు పార్కులో ఉంటావు."

పెద్దాయన లోపలి గదివైపు తిరిగాడు. "నాతో చెప్పలేదేం?" అన్నాడు.

"అమ్మే వద్దంది. ఆ ముద్దమాటలు నువ్వు వినకూడదట, సిగ్గట. ఉన్న ఆ కాస్త మాట కూడా ఇంకెన్నాళ్ళో ఉండదన్నాడు డాక్టరు. అందుకే కుర్చీ ఉద్యోగం వదులుకున్నా. జీతం తక్కువే. రాని రోజు కూలి ఉండదు. అన్నీ తెలిసే చేరాను నాన్నా, నా పొద్దుటి పూట నాకు మిగులుతుందని. దాన్ని నువ్వు ఇచ్చేసి వచ్చావు." అంతవరకూ బిగబట్టుకున్న పిల్ల గోడకి ఆనుకుని భోరుమంది.

పెద్దాయన విప్పిన చెప్పులు మళ్ళీ తొడుక్కున్నాడు. ఎండలో పడి వెళ్ళి, జీవితంలో మొదటిసారి, ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్నాడు. ఓనరు మంచివాడే గానీ, కొత్తగా చేరినావిడ పొట్ట కొట్టలేనన్నాడు. వ్యాన్లు ఎక్కువొచ్చే రోజుల్లో మాత్రం మధ్యాహ్నం పిలుస్తానన్నాడు. సగం సంపాదన పోయింది. "పోనీ నాన్నా, పొద్దుటి పూట ఉంది," అంది కూతురు.

మర్నాడు పెద్దాయన పార్కుకి వెళ్ళలేదు. మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆవిడ కళ్ళు తెరిచి, మొగుణ్ణి చూసి, చటుక్కున ముఖం గోడవైపు తిప్పుకుంది.

"ఒక్క మాట మాట్లాడవే," అన్నాడు. "ఎలా వస్తే అలాగే."

ఆవిడ ముఖం ఇటు తిప్పలేదు. తర్వాత, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని అంది.

"మీకు... టైమవుతోంది. వెళ్ళండి."

మిల్లుకి వెళ్ళినన్నాళ్ళూ రోజూ ఆ మాటే అని పంపించేది. అంతకంటే ఎక్కువ మాట్లాడేందుకు ఆయన ఏనాడైనా ఆగితే కదా!

"టైమైతే అవనీ," అన్నాడు పెద్దాయన. "నాకెక్కడికీ టైమవలేదే. నేనెక్కడికీ వెళ్ళను." చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

ఆవిడ మెల్లగా ఇటు తిరిగింది. పనిచేసే ఎడమ చేత్తో తడుముకుని ఆయన చొక్కా అంచు పట్టుకుంది. ఆ పూట ఇంకో మాట రాలేదు. మందు వేళ దాటిపోతున్నా కూతురు ఆ గదిలోకి వెళ్ళలేదు.